ఉద్యోగం పోయిందా? ఈఎస్ఐ నుంచి వచ్చే డబ్బులు వదులుకోకండి

పేస్లిప్‌లో ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) అని నెలనెలా కొంత కట్ అవుతుంది కదా, దాంతో ఆసుపత్రి, మందులే వస్తాయని చాలామంది అనుకుంటారు. కానీ ఉద్యోగం పోతే కొన్నాళ్ళు డబ్బులు కూడా వస్తాయండి, దాని పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జులైలో పెట్టినప్పుడు రోజు సంపాదనలో పావు వంతే ఇచ్చేవాళ్ళు, అది కూడా 90 రోజులు ఖాళీగా ఉన్నాకే. కరోనా లాక్‌డౌన్‌లో లక్షలమంది రోడ్డున పడ్డాక 2020లో దాన్ని సగానికి పెంచారు, 30 రోజులు దాటితే చాలన్నారు, పాత కంపెనీ చుట్టూ తిరగకుండా మనమే నేరుగా క్లెయిమ్ పెట్టుకోవచ్చన్నారు. ఆ తర్వాత గడువు పొడిగిస్తూ వచ్చారు, కాబట్టి ముందు మీ ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీస్‌కి వెళ్ళి ఇప్పుడు ఎప్పటిదాకా ఉందో కనుక్కోండి.

అడగడానికి మొహమాటపడొద్దు, ఇదేం దానం కాదు. మీ జీతంలో 0.75 శాతం, కంపెనీ వైపు నుంచి 3.25 శాతం కలిసి చేరే ఫండ్‌లోంచి ఇచ్చేదే ఇది. 15 వేల జీతం అయితే పేస్లిప్‌లో మీ పేరు మీద 113 రూపాయలు కనిపిస్తుంది, కంపెనీ ఇంకో 488 కట్టాలి.

ఎవరికి వస్తుందంటే, ఉద్యోగం పోయేముందు కనీసం రెండేళ్ళు ఈఎస్ఐలో ఉండాలి. తప్పుచేసి డిస్మిస్ అయినవాళ్ళకీ, రిటైర్ అయినవాళ్ళకీ, వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్నవాళ్ళకీ రాదు. అసలు చిక్కు 78 రోజుల దగ్గరే ఉంది. ఈఎస్ఐ లెక్కలో ఏడాదికి రెండు పీరియడ్లు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒకటి, అక్టోబర్ నుంచి మార్చి ఇంకోటి. ఉద్యోగం పోయినదానికి సరిగ్గా ముందు పీరియడ్‌లో 78 రోజులు, దానికి ముందున్న మూడింట్లో ఏదో ఒకదాంట్లో ఇంకో 78 రోజులు కాంట్రిబ్యూషన్ పడి ఉండాలి. 2020 జూన్‌లో తీసేసినవాళ్ళకి ముందు పీరియడ్ లాక్‌డౌన్‌కి ముందుదే కాబట్టి పర్లేదు, అదే నవంబర్‌లో తీసేస్తే చూడాల్సింది ఏప్రిల్-సెప్టెంబర్, ఆ నెలల్లో జీతమే లేనోళ్ళకి 78 ఎక్కడ నిండుతాయి? నాకైతే ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది.

ఎంత వస్తుందో మీరే లెక్క వేసుకోవచ్చు. గత నాలుగు పీరియడ్ల మొత్తం సంపాదనని 730తో భాగించి, అందులో సగం. రెండేళ్ళూ 15 వేలు తీసుకునుంటే రోజుకి సుమారు 246, ఎక్కువలో ఎక్కువ ఇచ్చే 90 రోజులకి 22 వేల పైచిలుకు. జీవితంలో ఒక్కసారే ఇస్తారు, గుర్తుపెట్టుకోండి.

ఇక చేయాల్సింది, మీ ఐపీ నంబర్‌తో (ఈఎస్ఐలో మీకిచ్చిన బీమా నంబర్) ఈఎస్ఐసీ పోర్టల్‌లో లాగినై ముందు కాంట్రిబ్యూషన్ హిస్టరీ చూడండి, నెలనెలా పడిందో లేదో. తర్వాత అక్కడే క్లెయిమ్ పెట్టి ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ అప్‌లోడ్ చేయండి. ఆధార్‌లో పేరు, ఈఎస్ఐలో పేరు ఒకేలా లేకపోతే ముందే సరిచేయించుకోండి.

జీతంలో కట్ చేసి కాంట్రాక్టర్ కట్టకుండా ఉంటే ఊరుకోకండి. పేస్లిప్పులు పట్టుకెళ్ళి బ్రాంచ్‌లో రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చి, ఇచ్చినట్టు స్టాంప్ వేయించుకోండి. యజమాని కట్టకపోయినా కార్మికుడికి రావాల్సింది ఇచ్చి, యజమాని దగ్గర్నుంచి వసూలు చేసే అధికారం పాత ఈఎస్ఐ చట్టం 68వ సెక్షన్‌లో ఉండేది, 2025 నవంబర్‌లో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది కాబట్టి అప్లికేషన్‌లో ఇప్పుడు ఏ సెక్షన్ రాయాలో బ్రాంచ్‌లోనే అడగండి.