హైవేకు ఏ పాత ఆఫ్‌రోడర్? లక్షణం, కారణం, పరిష్కారం

హనుమకొండ నుంచి హైదరాబాద్‌కు వారం వారం వెళ్ళివచ్చేవారు పాత రేంజ్ రోవర్, మెర్సిడెస్ జి-క్లాస్, టయోటా ల్యాండ్ క్రూజర్, మిత్సుబిషి పజేరోలలో ఒకదానిని ఎంచుకోదలిస్తే, బానెట్ మీది పేరు కన్నా ముందు బండి కిందికి వంగి ముందు ఇరుసును చూడాలి. 1970లో వచ్చిన తొలి తరం రేంజ్ రోవర్‌కు, 2018కి ముందు తయారైన జి-క్లాస్‌కు, 80 సిరీస్ (ఒక పాత తరం) ల్యాండ్ క్రూజర్‌కు ముందు భాగంలోనూ రెండు చక్రాలను కలిపే ఒకే గట్టి ఇరుసు ఉంటుంది. పజేరోలోను, 105 రకాన్ని మినహాయిస్తే దాని తరువాతి తరమైన 100 సిరీస్ ల్యాండ్ క్రూజర్‌లోను ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి. నడిపి చూసినప్పుడు బయటపడే ప్రతి లోపమూ అరుగుదల వల్ల వచ్చిందా, లేక బండి తయారీ తీరే అంతా అన్నది తేల్చుకోవాలి. మొదటిదైతే మెకానిక్ సరిచేయగలడు, రెండోదైతే వేరే బండి చూసుకోవడమే మేలు.

లక్షణం: ఫ్లైఓవర్ అతుకు దాటగానే స్టీరింగ్ విపరీతంగా ఊగిపోవడం

ఇది గట్టి ఇరుసు బండ్లకు వచ్చే జబ్బు. వేగం బాగా తగ్గించేదాకా ఊపు ఆగదు. చాలామంది వెంటనే స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపును అణిచే చిన్న షాక్ అబ్జార్బర్) మార్పిస్తారు, కొన్నాళ్ళు ఊపు తగ్గినట్టే ఉంటుంది, కానీ అసలు కారణం అలాగే ఉండిపోతుంది. ఇరుసు పక్కకు జరగకుండా పట్టి ఉంచే పానార్డ్ రాడ్ బుష్‌లు (చివర్లలోని రబ్బరు తొడుగులు), స్టీరింగ్ కదలికను చక్రాలకు అందించే టై రాడ్ ఎండ్‌లు, చక్రం తిరిగే చోట ఉండే స్వివెల్ బేరింగ్‌లు అరిగిపోవడమే ఆ కారణం. ఇంజిన్ నడుస్తుండగా ఒకరు స్టీరింగ్‌ను కొద్ది కొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే, మరొకరు పానార్డ్ రాడ్ ఛాసిస్‌కు బిగించిన చోట టార్చి వేసి చూడాలి. ఇరుసు కదలకముందే రాడ్ చివర బుష్‌లో పక్కకు జరుగుతుంటే దొంగ దొరికినట్టే. బుష్‌లు, ఎండ్‌లు మార్చి, స్వివెల్ బిగింపును సరైన పాళ్ళకు తెచ్చిన తరువాతే డ్యాంపర్ సంగతి ఆలోచించాలి. అతుకులతో పని లేకుండా ఒకే వేగం దగ్గర సన్నని వణుకు మాత్రమే వస్తే అది చాలావరకు చక్రాల బ్యాలెన్సింగ్ లోపం, దానికి భయపడనక్కరలేదు.

లక్షణం: కరీంనగర్ గ్రానైట్ లారీని దాటేటప్పుడు బండి పక్కకు కొట్టుకోవడం

మొదట టైర్లు చూడండి. మోటు మడ్ టైర్లు ఉంటే హైవే టైర్లు వేయించండి. బండిని ఎవరైనా ఎత్తు పెంచి ఉంటే క్యాస్టర్ కోణం (ముందు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గిపోయి, స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రావడం మానేస్తుంది. 80 సిరీస్‌లో దీనిని సరిచేయడానికి ప్రత్యేక బుష్‌లు దొరుకుతాయి. స్టీరింగ్ బాక్స్‌లో వదులు ఉందని స్క్రూను అతిగా బిగిస్తే స్టీరింగ్ మలుపులో పట్టేస్తుంది కనుక ఆ పని తెలిసిన చేతికే అప్పగించాలి. ఇవన్నీ చేసినా పాత జి-క్లాస్‌లో కొంత తడబాటు మిగులుతుంది, ఎందుకంటే దాని గోడలాంటి శరీరం, గట్టి ఇరుసు, పాత తరహా స్టీరింగ్ బాక్స్ మార్చగలిగినవి కావు. 100 సిరీస్‌లో మాత్రం బాక్స్‌కు బదులు, పళ్ళ కడ్డీతో చక్రాలను సూటిగా తిప్పే ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ ఉంటుంది. నిత్యం హైవే మీదే తిరిగేవారికి నా ఓటు దానికే, బడ్జెట్ చాలకపోతే పజేరోకు.

లక్షణం: ఉష్ణోగ్రత ముల్లు పైకి పోవడం

రామగుండం వైపు మే నెల ఎండలో ఏసీ వేసుకుని నడిపితేనే ఈ లోపం బయటపడుతుంది, చలికాలంలో కొన్న బండిలో కనిపించకపోవచ్చు. ముల్లు ఎప్పుడు లేస్తుందన్నదే కారణం చెబుతుంది. కాజీపేట ట్రాఫిక్‌లో లేచి, రోడ్డెక్కగానే దిగితే ఫ్యాన్ విస్కస్ కప్లింగ్ (వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ను ఇంజిన్‌తో కలిపి తిప్పే భాగం) పోయినట్టే. ఇంజిన్ వేడిగా ఉండగా ఆపి, ఫ్యాన్‌ను చేత్తో తోస్తే అడ్డే లేకుండా గిరగిరా తిరుగుతుంది. అలా కాక ట్రాఫిక్‌లో బాగుండి, 90 కిలోమీటర్ల వేగంలో లేస్తే రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉంటుంది. మన దగ్గర దీనికి ప్రధాన కారణం కూలెంట్‌కు బదులు బోరు నీళ్ళు పోయడమే. మూత తీసి లోపలికి చూస్తే గొట్టాల నోళ్ళ దగ్గర తెల్లటి సున్నపు పొర కనిపిస్తుంది. కొద్దిగా ఉంటే ఫ్లష్ చేయించవచ్చు, ఎక్కువైతే రేడియేటర్‌కు కొత్త కోర్ (గొట్టాలుండే లోపలి భాగం) తప్పదు. ఆ తరువాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏదీ పోయకూడదు.

ఉదయం చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే రేడియేటర్ పై హోస్ రాయిలా గట్టిపడితే హెడ్ గాస్కెట్‌ను (ఇంజిన్ బ్లాక్‌కు, పైనున్న హెడ్‌కు మధ్య వేసే సీలును) అనుమానించాలి. రేంజ్ రోవర్ వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌లో బ్లాక్, హెడ్‌లు రెండూ అల్యూమినియంవే కనుక ఒక్కసారి ఉడికినా వంగిపోతాయి. పజేరో ఎస్ఎఫ్ఎక్స్‌లోని 2.8 లీటర్ల డీజిల్ ఇంజిన్ వేడెక్కితే హెడ్ పగలడం మెకానిక్‌లకు తెలిసిన విషయమే. ఈ లక్షణమున్న బండి ధర ఎంత తగ్గించినా తీసుకోకపోవడం మంచిది.

లక్షణం: తెల్లారేసరికి బండి ఒక మూల కుంగి ఉండటం

1990ల రేంజ్ రోవర్లలో స్ప్రింగ్‌లకు బదులు ఉండే గాలి బెలూన్లు పగుళ్ళు తేలి కారతాయి, వాటిని నింపలేక కంప్రెసర్ కూడా పోతుంది. సబ్బునీళ్ళు చల్లి కారే చోటు పట్టుకోండి. కాయిల్ స్ప్రింగ్‌లకు మార్పించడం చవకైన దారే గానీ, దానితో ప్రయాణంలోని ఆ మెత్తదనం పోతుంది.

లక్షణం: పెట్రోల్ వాసన

ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోల్‌ను దృష్టిలో ఉంచుకుని ఆ కాలపు రబ్బరు హోస్‌లు తయారు కాలేదు. అవి ఉబ్బి, పగిలి వి8 ఇంజిన్ వేడి మీద కారితే మంటలు లేచే ప్రమాదం ఉంది. టాంకు నుంచి ఇంజిన్ దాకా అన్నిటినీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చాలి.

కాగితాలు

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు ముగుస్తుంది, తరువాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. దిగుమతి బండికి ఆ పొడిగింపు రుసుము ఇక్కడ బిగించిన బండి కన్నా చాలా ఎక్కువ. 50 ఏళ్ళు దాటిన తొలి రేంజ్ రోవర్‌ను 2021 నాటి నిబంధనల కింద వింటేజ్‌గా నమోదు చేయిస్తే దానిని నిత్య ప్రయాణాలకు వాడకూడదు కనుక, ఆర్‌సీ ఏ తరగతిదో బయానా ఇవ్వకముందే చూసుకోవాలి.