ఇంట్లోని డేటాబేస్ పక్క గదికి అందడం లేదా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

మా ఇంట్లో బీరువా పైన ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటుంది. అందులో ఉబుంటు లినక్స్ మీద మరియాడీబీ అనే డేటాబేస్ నడుస్తుంది. ఇంటి ఖర్చుల లెక్కలు, పుస్తకాల జాబితా అన్నీ అక్కడే. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. అప్పటినుంచి నా గదిలోని కంప్యూటర్‌కు అది అందడం మానేసింది. రెండు గంటలపాటు పాస్‌వర్డ్ మార్చి మార్చి కొట్టాను. చివరికి తేలిందేమిటంటే, రౌటర్ మళ్లీ లేచినప్పుడు ఆ ల్యాప్‌టాప్‌కు వేరే ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే అంకె, ఇచ్చింది. పాత చిరునామా హాల్లోని టీవీకి వెళ్లింది. అంతసేపూ నేను ఖర్చుల లెక్కలు టీవీని అడుగుతున్నానన్నమాట.

పాస్‌వర్డ్ అడిగే చోటు దాకా నేను వెళ్లనే లేదన్న సంగతి మొదట వచ్చిన ఎర్రర్ సందేశంలోనే ఉంది. చదవకుండా దాటేశాను. కాబట్టి పని అక్కడినుంచే మొదలుపెడదాం.

కింది ఉదాహరణల్లో డేటాబేస్ ఉన్న యంత్రం చిరునామా 192.168.1.10 అనుకోండి. మైఎస్‌క్యూఎల్‌కూ, దాని నుంచి పుట్టిన మరియాడీబీకీ మామూలు పోర్టు (యంత్రంలో ఒక్కో ప్రోగ్రామ్ పిలుపుల కోసం వినే తలుపు నంబరు) 3306. ఆదేశాలను పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

1. సందేశంలోని అంకె చదవండి

మీకు 2002 లేదా 2003 అనే ఎర్రర్ వస్తే, వాక్యం చివర బ్రాకెట్లలో ఇంకో అంకె ఉంటుంది. అసలు కబురు దానిలో ఉంది.

అది లినక్స్‌లో 110, విండోస్‌లో 10060 అయితే ఉలుకూ పలుకూ లేదని అర్థం. మీ పిలుపు దారిలో ఎక్కడో మాయమైంది. ఫైర్‌వాల్ (యంత్రంలోకి వచ్చే పిలుపులను వడకట్టే కాపలా ప్రోగ్రామ్) మింగేసి ఉండవచ్చు, లేదా మీరు వేరే నెట్‌వర్క్‌లో ఉండవచ్చు. ఈ ఎర్రర్ రావడానికి చాలాసేపు పడుతుంది, అదే దాని గుర్తు.

111 గాని 10061 గాని అయితే, ముఖం మీదే తలుపు వేశారు. అది వెంటనే వస్తుంది. ఆ చిరునామాలో యంత్రం ఉంది, బదులు కూడా ఇచ్చింది. కానీ 3306 దగ్గర వినేవాళ్లు ఎవరూ లేరు. మా టీవీ చెప్పింది ఇదే.

1045 లేదా 1130 వస్తే సంతోషించండి. మాట్లాడుతున్నది సాక్షాత్తూ డేటాబేసే. దారి అంతా బాగుంది, మీరెవరన్న దగ్గరే పేచీ. ఇక రౌటర్‌నూ ఫైర్‌వాల్‌నూ ముట్టుకోకుండా నేరుగా అయిదో మెట్టుకు వెళ్లండి.

2. డేటాబేస్ ఎవరి మాట వింటోందో చూడండి

కొత్తగా పెట్టుకున్న డేటాబేస్ అందకపోతే నేను మొదట అనుమానించేది దీన్నే. ఉబుంటు, డెబియన్‌లలో మరియాడీబీ మొదటి రోజునుంచీ తన సొంత యంత్రం నుంచి వచ్చే పిలుపులకే పలుకుతుంది. అది లోపం కాదు, జాగ్రత్త కోసం అలా పెట్టారు.

డేటాబేస్ ఉన్న యంత్రం దగ్గర కూర్చుని టెర్మినల్‌లో ఇది కొట్టండి:

ఎస్ఎస్ -టీఎల్ఎన్

వచ్చిన వరుసల్లో 3306 ఎక్కడుందో వెతకండి. దాని ముందు 127.0.0.1 అని ఉంటే, పక్క గది నుంచి మీరెంత పిలిచినా దానికి వినిపించదు. 0.0.0.0 గాని నక్షత్రం గుర్తు గాని ఉంటే అది అందరి మాటా వింటోంది. 3306 అసలు కనిపించకపోతే డేటాబేస్ నడవడం లేదు, లేదా నెట్‌వర్క్ పిలుపులను పూర్తిగా ఆపేసే స్కిప్-నెట్‌వర్కింగ్ అనే వరుసను సెట్టింగుల్లో ఎవరో పెట్టారు.

ఇక్కడ ఒక మోసం ఉంది. అదే యంత్రంలో క్లయింట్ (డేటాబేస్‌ను అడిగే ప్రోగ్రామ్) తెరిస్తే చక్కగా లోపలికి వెళ్తుంది కదా, ఇంకేమిటి అనిపిస్తుంది. లినక్స్‌లో చిరునామా చోట లోకల్‌హోస్ట్ (ఈ యంత్రమే అని అర్థం) అని రాస్తే క్లయింట్ నెట్‌వర్క్ ముఖమే చూడదు. ఒకే యంత్రంలోని ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే సాకెట్ ఫైలు గుండా దొడ్డిదారిన వెళ్లిపోతుంది. పేరుకు బదులు 192.168.1.10 అని అంకెల్లో ఇచ్చి ప్రయత్నించండి. అప్పుడు నిజం బయటపడుతుంది.

మార్చవలసిన వరుస పేరు బైండ్-అడ్రస్. మరియాడీబీకైతే ఈటీసీ ఫోల్డర్‌లోని మైఎస్‌క్యూఎల్ లోపల, మరియాడీబీ.కాన్ఫ్.డి అనే ఫోల్డర్‌లో 50-సర్వర్.సీఎన్‌ఎఫ్ అనే ఫైలు ఉంటుంది. మైఎస్‌క్యూఎల్‌కైతే మైఎస్‌క్యూఎల్.కాన్ఫ్.డి లోని మైఎస్‌క్యూఎల్‌డి.సీఎన్‌ఎఫ్. అక్కడ 127.0.0.1 తీసి 0.0.0.0 పెట్టండి. యంత్రం సొంత చిరునామా 192.168.1.10 కూడా పెట్టవచ్చు గాని నేను పెట్టను. ఏదో ఒక రోజు చిరునామా మారిందంటే డేటాబేస్ లేవనే లేవదు. ఎవరిని రానివ్వాలో ఫైర్‌వాల్‌కు వదిలేయడం మేలు. మార్చాక సర్వీసును తప్పకుండా రీస్టార్ట్ చేయండి.

పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ వాడేవాళ్లకు పోర్టు 5432, వరుస పేరు లిజన్_అడ్రసెస్. దానికి అదనంగా పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ ఫైలులో మీ ఇంటి చిరునామాలకు అనుమతినిచ్చే వరుస కూడా ఉండాలి. మొదటిదానికి రీస్టార్ట్ కావాలి, రెండోదానికి రీలోడ్ చాలు.

3. ఇద్దరూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నారా?

లినక్స్‌లో ఐపీ అడ్ర్ అని, విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొడితే చిరునామా కనిపిస్తుంది. రెండు యంత్రాల చిరునామాల్లో మొదటి మూడు భాగాలు పోల్చండి. ఒకటి 192.168.1 అని, మరొకటి 192.168.0 అని మొదలైతే దొంగ దొరికినట్టే.

మన ఇళ్లలో ఇది తరచుగా జరుగుతుంది. ఫైబర్ కనెక్షన్ వాళ్లు బిగించిన పెట్టె వైఫై ఇస్తుంది. సిగ్నల్ చాలక మనం ఇంకో రౌటర్ కొని దాని వెనక తగిలిస్తాం. ఇప్పుడు ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు. రెండో రౌటర్ కింద ఉన్నవాళ్లు మొదటి దానిలోకి వెళ్లగలరు. మొదటి దానిలో ఉన్నవాళ్లు రెండో దానిలోకి రాలేరు. అందుకే ఒకవైపు నుంచి పనిచేసి మరోవైపు నుంచి పనిచేయక తల తినేస్తుంది. రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌కు మారిస్తే అది సొంతంగా చిరునామాలు పంచడం మానుకుంటుంది, ఇల్లంతా ఒకటవుతుంది.

అతిథుల కోసం పెట్టిన గెస్ట్ వైఫైలో ఉన్నా దారి మూసుకుపోయినట్టే. ఆ వైఫై ఉన్నదే ఇంట్లోని యంత్రాలు కనబడకుండా చేయడానికి.

పింగ్ (ఉన్నావా అని యంత్రాన్ని పలకరించే ఆదేశం) బదులివ్వకపోయినంత మాత్రాన యంత్రం లేదని అనుకోకండి. విండోస్ తరచుగా పింగ్‌కు బదులివ్వదు. నేరుగా పోర్టునే తట్టి చూడటం మంచిది. విండోస్ పవర్‌షెల్‌లో:

టెస్ట్-నెట్‌కనెక్షన్ 192.168.1.10 -పోర్ట్ 3306

లినక్స్, మ్యాక్‌లలో:

ఎన్‌సీ -జడ్‌వీ 192.168.1.10 3306

పోర్టు పలికిందంటే నెట్‌వర్క్ గొడవ తీరినట్టే.

4. ఫైర్‌వాల్

ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ మీరు ఆన్ చేస్తే తప్ప నడవదు. నడుస్తుంటే ఇంటివాళ్లకు మాత్రమే తలుపు తెరవండి (192.168.1.0/24 అంటే 192.168.1తో మొదలయ్యే చిరునామాలన్నీ):

సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఫ్రమ్ 192.168.1.0/24 టు ఎనీ పోర్ట్ 3306 ప్రోటో టీసీపీ

డేటాబేస్ విండోస్‌లో ఉంటే, ముందు మీ వైఫై పబ్లిక్ ప్రొఫైల్‌లో ఉందేమో చూసి ప్రైవేట్‌కు మార్చండి. తర్వాత 3306కు ఇన్‌బౌండ్ నియమం (లోపలికి వచ్చే పిలుపును అనుమతించేది) ఒకటి చేర్చండి. పరీక్ష కోసమని ఫైర్‌వాల్ మొత్తం ఆపితే, ఆపిన సంగతి వారం తర్వాత గుర్తుకొస్తుంది.

5. మీరెవరో డేటాబేస్‌కు తెలియాలి

మైఎస్‌క్యూఎల్ కుటుంబంలో యూజర్ అంటే పేరు ఒక్కటే కాదు, పేరుతో పాటు ఊరు కూడా. లెక్కలు@లోకల్‌హోస్ట్ వేరు, లెక్కలు@192.168.1.23 వేరు. ఒకరికిచ్చిన పాస్‌వర్డ్, హక్కులు మరొకరికి రావు.

1130 వస్తే మీ చిరునామా నుంచి వచ్చే ఏ యూజరూ దాని పట్టికలో లేరని అర్థం. 1045 వస్తే పేరు గాని పాస్‌వర్డ్ గాని సరిపోలేదు. ఆ 1045 సందేశంలోనే మిమ్మల్ని ఏ పేరుతో, ఎక్కడినుంచి వచ్చినట్టు చూసిందో రాసి ఉంటుంది. దాన్ని మైఎస్‌క్యూఎల్.యూజర్ పట్టికలోని వరుసలతో పోల్చండి, తేడా కళ్లకు కడుతుంది.

క్రియేట్ యూజర్‌తో కొత్త యూజర్‌ను చేసేటప్పుడు, ఊరు చోట 192.168.1.% అని రాయండి. శాతం గుర్తు అంటే ఆ ఇంట్లో ఎవరైనా అని. ఒట్టి శాతం గుర్తు పెడితే ప్రపంచంలో ఎవరైనా అని; ఆ పని చేయకండి. తర్వాత గ్రాంట్‌తో ఆ ఒక్క డేటాబేస్ మీద మాత్రమే హక్కులివ్వండి.

అన్ని హక్కులూ ఉన్న రూట్ పేరుతో బయటినుంచి వెళ్లాలని చూడటం దండగ. ఉబుంటులో రూట్‌కు పాస్‌వర్డ్ బదులు యంత్రంలో లాగిన్ అయిన మనిషినే చూసి అనుమతిస్తుంది. 1698 అనే ఎర్రర్ కనిపిస్తే కారణం అదే. పాత ప్రోగ్రామ్‌తో మైఎస్‌క్యూఎల్ 8కు వెళ్తుంటే 2059 రావచ్చు. పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి ఆ వెర్షన్‌లో మారింది. మీ క్లయింట్‌ను కొత్తదానికి మార్చుకోండి.

6. ఊరెళ్లినప్పుడు కావాలంటే

రౌటర్‌లో 3306ను బయటి ప్రపంచానికి తెరవవద్దు. తెరిచి ఉన్న పోర్టుల కోసం ఇంటర్నెట్‌ను రాత్రింబగళ్లు వెతికే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. పైగా రౌటర్ పేజీలో మీ బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీ ఇంటర్నెట్ కంపెనీ ఒకే చిరునామాను చాలామందికి పంచుతోందని అర్థం. పోర్టు తెరిచినా బయటినుంచి పిలుపు మీదాకా రాదు. అలాంటిచోట టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్ (దూరంగా ఉన్న యంత్రాలను ఒకే సొంత నెట్‌వర్క్‌లా కలిపేది) పనిచేస్తుంది.

దానికి తోడు ఎస్ఎస్‌హెచ్ సొరంగం, అంటే వేరే యంత్రంలోకి రహస్యంగా లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ గుండా వేసే దారి. ఇది ఇంట్లో కూడా బాగుంటుంది, నేను ఇప్పుడు వాడుతున్నదీ ఇదే:

ఎస్ఎస్‌హెచ్ -ఎన్ -ఎల్ 3307:127.0.0.1:3306 యూజర్@192.168.1.10

ఇందులో -ఎన్, -ఎల్ రెండూ పెద్ద అక్షరాలు. 192.168.1.10 ఇంట్లోంచే అందుతుంది; ఊరినుంచైతే దాని చోట వీపీఎన్‌లో ఆ యంత్రానికున్న చిరునామా రాయండి. ఇప్పుడు మీ క్లయింట్‌ను సొంత యంత్రంలోని 127.0.0.1కే, 3307 పోర్టుకు కలపండి. డేటాబేస్‌కు అది పక్కనే కూర్చుని అడిగినట్టు కనిపిస్తుంది. రెండో మెట్టులో బైండ్-అడ్రస్ మార్చనవసరమే లేదు, 3306 ఫైర్‌వాల్‌లో మూసే ఉండవచ్చు. ఎస్ఎస్‌హెచ్ వాడే 22 మాత్రం తెరిచి ఉండాలి.

ఇక ఆ టీవీ సంగతి. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే ఏర్పాటు) కింద చిరునామా రిజర్వేషన్ అనే చోటు ఉంటుంది. ల్యాప్‌టాప్ మ్యాక్ చిరునామా (దాని నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) అక్కడ రాసి దానికి 192.168.1.10ను ఖాయం చేశాను. ఆ అంకెను చీటీ మీద రాసి ల్యాప్‌టాప్ మూతకు అంటించాను కూడా. మూత దించితే నిద్రపోకుండా లాగిన్‌డి.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైలులో హ్యాండిల్‌లిడ్‌స్విచ్‌ను ఇగ్నోర్‌గా పెట్టడం మాత్రం మరో రెండు రోజులకు గాని తట్టలేదు.