ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్: పేచీ ఎర్ర వైరు దగ్గరే

టెక్సాస్‌లో మా ఎస్‌యూవీకి బ్రేక్ కంట్రోలర్ (వెనక లాగే ట్రైలర్‌లోని కరెంటు బ్రేకులను డ్రైవర్ సీటు నుంచి పనిచేయించే పరికరం) నేనే బిగించాను. వైర్లు నాలుగే: నలుపు బ్యాటరీకి, తెలుపు నెగటివ్‌కి, నీలం ట్రైలర్ బ్రేకులకు కరెంటు పంపే వెనక ఏడు పిన్నుల సాకెట్‌కి, ఎరుపు పెడల్ తొక్కినట్టు తెలిపే బ్రేక్ లైట్ స్విచ్‌కి. నలుపుకి మధ్యలో 20 ఆంపియర్ల సర్క్యూట్ బ్రేకర్ తప్పనిసరి; రెండు యాక్సిళ్ల ట్రైలర్ బ్రేకులే దాదాపు 12 లాగుతాయి.

కంట్రోలర్ మీది చేతి లివర్ నొక్కితే ట్రైలర్ చక్రాలు పట్టేస్తున్నాయి, పెడల్ తొక్కితే మాత్రం చలనం లేదు. అంటే నీలం వైరు బాగానే ఉంది. మల్టీమీటర్ పెడితే ఎరుపులో 12 వోల్టులు రావట్లేదు. కొత్త బండ్లలో చాలావాటికి ఆ స్విచ్ కంప్యూటర్‌కి సన్నటి సిగ్నల్ మాత్రమే ఇస్తుంది. నాకు ఇది నిజంగా టెన్షన్ పెట్టింది.

వెనక అద్దం పైనుండే బ్రేక్ లైటు వైరులో, పెడల్ తొక్కినప్పుడే పూర్తి 12 వోల్టులు కనిపించాయి. ఇండికేటర్ వేసినా మారలేదు. ఎరుపుని అక్కడ కలిపాను, బ్రేకులు పట్టాయి.