గినీ పందుల మేతలో విటమిన్ సి

గినీ పందుల శరీరం, మన శరీరం లాగే, విటమిన్ సిని సొంతంగా తయారు చేసుకోలేదు కనుక, విటమిన్ సి కలపని కుందేళ్ల దాణా ఎంత నాణ్యమైనదైనా దానితోనే వాటిని పెంచకూడదు. కిలో బరువుకు రోజుకు కనీసం 10 మిల్లీగ్రాములు, చూలు మీద ఉన్నవాటికి 30 మిల్లీగ్రాముల దాకా అవసరం.

విజయవాడ ఎండలకు రేకుల షెడ్డు కాగిపోతే, గినీ పందుల దాణాలో కలిపిన విటమిన్ సి కూడా వేడికీ తేమకూ త్వరగా తరిగిపోతుంది. అందుచేత నెలకు సరిపడా మాత్రమే కొని, చల్లని నీడలో మూత బిగించి దాచండి. ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉంచి, రోజూ ఒక క్యాప్సికం ముక్కను కోసిన వెంటనే పెట్టండి. 100 గ్రాముల పచ్చ క్యాప్సికంలో దాదాపు 80 మిల్లీగ్రాములు ఉంటుంది. గుంటూరు రైతులకు చేతికందే మిరపకాయలను మాత్రం, కారం కారణంగా, దగ్గరికి రానీయవద్దు.

విటమిన్ సి లోపిస్తే కనిపించే లక్షణాలు ఇవి: కీళ్లు వాచి, నడవడానికి వెనుకాడుతూ, ముట్టుకుంటే కీచుమని అరిస్తే, ఆలస్యం చేయకుండా పశువైద్యునికి చూపించండి.