ఎకో ఫ్రెండ్లీ డిజైనా? ముందు ఆ వస్తువు పాడయ్యే రోజు గురించి ఆలోచించండి

ఎకో ఫ్రెండ్లీ డిజైన్ అనగానే చాలామంది నేరుగా మెటీరియల్ దగ్గరికి పోతారు, వెదురు పెడదామా రీసైకిల్డ్ ప్లాస్టిక్ పెడదామా అని. అది తర్వాత సంగతి అండీ. ముందు ఒక కాగితం మీద ఆ వస్తువు జాతకం మొత్తం రాయండి, ముడిసరుకు, తయారీ, రవాణా, వాడకం, చివరికి పారేయడం. వీటిలో ఎక్కువ నష్టం ఎక్కడుందో అక్కడే చెయ్యి పెట్టాలి. ఫ్రిజ్ అయితే ఏళ్ల తరబడి రాత్రీ పగలూ కరెంటు లాగుతూనే ఉంటుంది కాబట్టి ఇన్సులేషన్ (వేడి లోపలికి రాకుండా ఆపే పొర), కంప్రెసర్ మీద దృష్టి పెట్టండి, అదే స్మార్ట్‌ఫోన్ అయితే నష్టంలో పెద్ద వాటా తయారీలోనే అయిపోతుంది, కాబట్టి దాన్ని ఇంకో రెండేళ్లు బతికించడమే అసలు పని.

బతకాలంటే విప్పడానికి రావాలి. నా బ్లూటూత్ స్పీకర్‌లో బ్యాటరీ పోయింది, మారుద్దామని చూస్తే బయట ఒక్క స్క్రూ లేదు, అంతా జిగురే, చాకు మొన పెట్టి లేపితే బాడీ పగిలింది గానీ బ్యాటరీ మాత్రం కదల్లేదు. మిగతాదంతా బానే ఉంది, అయినా చెత్తలోకే పోయింది. అందుకే ముందుగా పాడయ్యే పార్టు ఏదో కనుక్కుని దాన్ని పైనే పెట్టండి, జిగురు బదులు స్క్రూలో క్లిప్పులో వాడండి, స్క్రూలన్నీ ఒకటే సైజు అయితే ఇంకా మేలు. యూరోపియన్ యూనియన్‌లో 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీలు వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలని రూల్ వస్తోంది, మినహాయింపులు ఉన్నాయనుకోండి.

ఇప్పుడు మెటీరియల్. ఇక్కడ ఒకటే మాట, అతికించి కలపకండి. జ్యూస్ కార్టన్ చూడండి, అట్ట, ప్లాస్టిక్, పల్చటి అల్యూమినియం, దేనికదే అయితే రీసైకిల్ చెయ్యొచ్చు, పొరలుగా అంటించేసరికి విడదీయడానికి ప్రత్యేకంగా ప్లాంట్ కావాలి. పాత అల్యూమినియం కరిగించి వాడితే ఖనిజం నుంచి తీసేదానికి పట్టే ఎనర్జీలో 5 శాతం చాలు, కానీ అది విడిగా చేతికి వస్తేనే కదా. ప్లాస్టిక్ పార్టుల మీద అది ఏ రకం ప్లాస్టికో అచ్చులోనే ముద్ర వేయించండి, రీసైకిల్ చేసేవాళ్లు వేరు చేసుకోవడానికి వీలుగా.

బరువు తగ్గించడం, ప్యాకింగ్ చిన్నది చెయ్యడం ఎలాగూ చేస్తారు, ఖర్చు కూడా కలిసొస్తుంది కాబట్టి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆఖరికి ప్రోటోటైప్‌ని, అంటే మీరు చేసిన మొదటి నమూనాని, దాన్ని ఎప్పుడూ చూడని మనిషి చేతికిచ్చి, ఒక మామూలు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి విప్పమనండి, మీరు మాత్రం నోరు మెదపకుండా చూస్తూ కూర్చోండి. ఎక్కడ ఆగి మీ మొహం వైపు చూస్తారో అక్కడ డ్రాయింగ్ మార్చాలి.