పెద్ద చేపల తొట్టిలో నీరు చెడినప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

పర్లాకిమిడిలో మా ఇంటి వసారాలో ఉన్న తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్కకు తొమ్మిది ఘనపుటడుగులు, అంటే సుమారు 255 లీటర్లు. అడుగున పోసిన ఇసుకను, పైన వదిలిన ఖాళీని తీసేస్తే అందులో నిజంగా ఉండే నీరు 210 లీటర్లకు మించదు. మందయినా, ఉప్పయినా, సోడా అయినా ఈ రెండో అంకె మీదే కొలవాలి గనుక, మీ తొట్టికి కూడా ముందు ఈ లెక్క వేసి, ఒక కాగితం మీద రాసి అద్దం వెనుక అంటించుకోండి.

కొత్తగా చేపలు పెంచేవారు పెద్ద తొట్టితో మొదలుపెట్టడం మంచిదే, ఎందుకంటే నీరు ఎక్కువగా ఉన్నచోట వేడిమి గాని రసాయనాలు గాని ఒక్కసారిగా మారిపోవు. అయితే అదే కారణంగా పెద్ద తొట్టి మన తప్పును ఆలస్యంగా బయటపెడుతుంది. చిన్న గాజు గిన్నెలో పొద్దున చేసిన పొరపాటు సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. రెండు వందల లీటర్లలో అదే పొరపాటు వారానికో పది రోజులకో పైకి తేలుతుంది, అప్పటికి మనం ఏం చేశామో మనకే గుర్తుండదు. అందుచేత కింద చెప్పే చాలా లక్షణాలకు కారణం వెతికేటప్పుడు నిన్నటి సంగతి ఒక్కటే కాకుండా, గత పది రోజుల్లో ఏం మార్చారో కూడా చూడండి.

ఇంకొక మాట. చేప నీరసంగా కనబడగానే దుకాణానికి పరుగెత్తి మందు సీసా తెచ్చేవారే ఎక్కువ. మిథిలిన్ బ్లూ వంటి మందులు, కొన్ని యాంటీబయాటిక్‌లు ఫిల్టర్‌లో నీటిని శుభ్రం చేసే బాక్టీరియాను కూడా చంపుతాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, నీటి దోషం ఉన్న తొట్టిలో ఆ మందు పోస్తే దోషం రెట్టింపవుతుంది. సీసా మూత తీసేముందు అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, నీరు పుల్లనిదో క్షారమో చెప్పే పీహెచ్ అనే నాలుగింటినీ కొలవాలి. కాగితపు పట్టీల కంటే చుక్కలు వేసి రంగు చూసే కిట్లు నమ్మదగినవి. వాటిలోనూ నైట్రేట్ పరీక్షలో అడుగున మడ్డి పేరుకునే సీసాను అర నిమిషం గట్టిగా కుదపకపోతే, ఉన్నదానికంటే తక్కువ చూపించి మోసం చేస్తుంది.

నీరు పాలు కలిపినట్టు తెల్లబడితే

తొట్టి నింపిన రోజే తెల్లగా ఉంటే అది కడగని ఇసుక తాలూకు దుమ్ము. ఒకటి రెండు రోజుల్లో ఫిల్టర్ పట్టేస్తుంది. మా మహేంద్రతనయ నది ఇసుక చూడటానికి శుభ్రంగా కనిపించినా, బకెట్‌లో పోసి చేత్తో కలిపితే పది పన్నెండు సార్లు వంపేదాకా బురద నీరే వస్తుంది.

మూడో రోజుకో వారానికో తెల్లబడితే సంగతి వేరు. మిగిలిన మేతను తింటూ బాక్టీరియా నీటిలో ఒక్కసారిగా పెరగడం వల్ల అలా మబ్బు పడుతుంది. ఇక్కడ కొత్తవారు చేసే పెద్ద తప్పు, కంగారుపడి మొత్తం నీరు తోడేసి తొట్టిని తోమడం. కొత్త నీరు వచ్చి పాత నీటిని తోసేసిందన్న సంతోషం నాలుగు రోజులే ఉంటుంది, ఆ తర్వాత కథ మళ్ళీ మొదటికి వస్తుంది. మేత సగానికి తగ్గించి, ఎయిర్ పంపును రాత్రింబవళ్ళు నడుపుతూ, చేపలు ఉంటే రోజూ అమ్మోనియా కొలుస్తూ ఆగితే వారం పది రోజుల్లో నీరు దానంతట అదే తేరుకుంటుంది.

చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే

అన్నిటికంటే జాగ్రత్తగా చదవవలసిన లక్షణం ఇదే, ఎందుకంటే దీనికి మూడు వేర్వేరు కారణాలున్నాయి, ఒకదాని మందు మరొకదానికి పనికిరాదు. వాటిని విడదీసేది ఆ లక్షణం ఎప్పుడు కనిపించిందన్నదే.

తెల్లవారుజామున మాత్రమే పైకి వచ్చి, పొద్దెక్కాక కిందికి దిగిపోతే అది ప్రాణవాయువు కొరత. నీటిమొక్కలు పగలు ఆక్సిజన్ ఇచ్చినా రాత్రి అవి కూడా చేపలతో పాటే దాన్ని వాడుకుంటాయి. పైగా నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు 9 మిల్లీగ్రాములకు పైగా పట్టే నీరు, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే పట్టగలదు. వైశాఖ జ్యేష్ఠ మాసాల్లో మా వైపు తొట్లలో రాత్రిపూట చేపలు చనిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. ఫిల్టర్ నీరు పైనుంచి చప్పుడు చేస్తూ పడేలా గొట్టం ఎత్తితే, నీటి పైభాగం కదిలి గాలి కలుస్తుంది.

నీరు మార్చిన గంట రెండు గంటల్లోనే చేపలు అటూ ఇటూ దూసుకుపోతూ రొప్పుతుంటే క్లోరిన్‌ను అనుమానించాలి. కుళాయి నీటిని డ్రమ్ములో పట్టి ఎయిర్ పంపు పెట్టి ఒక రోజంతా ఉంచితే మామూలు క్లోరిన్ ఎగిరిపోతుంది. తుఫాను వరదల తర్వాత బావుల్లోనూ ట్యాంకుల్లోనూ బ్లీచింగ్ పౌడర్ మోతాదు పెంచుతారు గనుక, ఆ రోజుల్లో హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ వేయడమే క్షేమం. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల హైపో కావాలి. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉందనుకుంటే 100 లీటర్లకు ఒకటిన్నర గ్రాములు సరిపోతాయి.

వేళాపాళా లేకుండా రోజంతా రొప్పుతూ, మొప్పలు ఎర్రగా కందిపోయి ఉంటే అమ్మోనియా, మొప్పలు గోధుమరంగుకు తిరిగితే నైట్రైట్ కారణమని అనుకోవచ్చు. చేపల విసర్జనం నుంచి అమ్మోనియా పుడుతుంది, ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరొక రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ బాక్టీరియా కొత్త తొట్టిలో నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అవి నీటిలో తేలుతూ ఉండవు, ఫిల్టర్ స్పాంజిని, ఇసుకను, రాళ్ళను అంటిపెట్టుకుని జిగురుపొరలా ఉంటాయి.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి కూడా మరిచిపోయాను. ఒక ఆదివారం ఫిల్టర్ స్పాంజి నల్లగా అసహ్యంగా కనబడితే, పెరట్లో కుళాయి కింద పెట్టి నీరు తెల్లగా వచ్చేదాకా పిండి పిండి కడిగాను. మర్నాడు తొట్టి అద్దంలా మెరిసింది. ఆరో రోజున రెండు గోల్డ్‌ఫిష్‌లు ఫిల్టర్ గొట్టం కిందికి చేరి, తోకలు ముడుచుకుని కదలకుండా నిలబడ్డాయి. పరీక్షనాళికలో పసుపుపచ్చగా ఉండవలసిన అమ్మోనియా రంగు, ఐదు నిమిషాల్లో లేత మామిడికాయ పచ్చదనానికి తిరిగింది. కుళాయి క్లోరిన్‌తో నేనే ఆ బాక్టీరియాను కడిగి పారేశానన్నమాట. స్పాంజిని ఎప్పుడు కడిగినా తొట్టిలోంచి తోడిన నీటి బకెట్‌లోనే, రెండు మూడుసార్లు మెల్లగా పిండి వదిలేయాలి, అది నల్లగా ఉండటమే దాని ఆరోగ్యం.

అమ్మోనియా కనిపించినప్పుడు పీహెచ్‌ను పక్కన పెట్టి చూడకుండా అంకెను బట్టి భయపడటం గాని ధైర్యపడటం గాని తగదు. నీరు 25 డిగ్రీల వద్ద, పీహెచ్ 7 వద్ద ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం లోపే ఉంటుంది. పీహెచ్ 8కి చేరితే అది ఐదు శాతం దాటుతుంది. ఒకే అంకె ఒక ఇంట్లో చేపలను బతకనిస్తుంది, మరో ఇంట్లో చంపుతుంది. పరిష్కారం మాత్రం రెండు చోట్లా ఒక్కటే: అదే వేడిమి ఉన్న, క్లోరిన్ లేని నీటితో సగం నీరు మార్చండి, రెండు మూడు రోజులు మేత పూర్తిగా ఆపండి, రోజూ కొలుస్తూ అవసరమైతే మళ్ళీ మార్చండి. తెలిసినవారి పాత తొట్టిలో నడుస్తున్న స్పాంజి ముక్క ఒకటి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెడితే, వారాల పని రోజుల్లో అవుతుంది. ఆ తొట్టిలో రోగం లేదని మాత్రం ముందు చూసుకోవాలి.

నైట్రైట్‌కు ఇంకొక సాయం ఉంది. అది మొప్పల గుండా రక్తంలో చేరి ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది, ఉప్పులో ఉండే క్లోరైడ్ నీటిలో ఉంటే అలా లోపలికి చేరడం బాగా తగ్గుతుంది. మనకు నౌపడ కల్లుప్పు దగ్గరలోనే దొరుకుతుంది గనుక దుకాణంలో అక్వేరియం ఉప్పని పొట్లం కట్టి అమ్మేదానికి డబ్బు పెట్టనక్కరలేదు. లీటరుకు అర గ్రాము లెక్కన, నా తొట్టికి నూట ఐదు గ్రాములు మగ్గు నీటిలో కరిగించి మెల్లగా పోశాను. క్యాట్‌ఫిష్ జాతులకు, కొన్ని నీటిమొక్కలకు ఉప్పు పడదు, అవి ఉంటే నీరు మార్చడం మీదే ఆధారపడండి.

కరెంటు పోయి వచ్చాక చేపలు జబ్బుపడితే

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత గజపతి జిల్లాలోనూ, అటు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోనూ ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అంత కష్టం రాకపోయినా మా వైపు గాలివానకు పూటంతా కరెంటు పోవడం మామూలే. అప్పుడు అందరూ ఎయిర్ పంపు గురించే ఆలోచిస్తారు, అసలు ప్రమాదం మూత బిగించిన క్యానిస్టర్ ఫిల్టర్‌లో ఉంటుంది. అందులో నీరు కదలక ఆక్సిజన్ అయిపోయి, బాక్టీరియా చచ్చి కుళ్ళుతుంది. కరెంటు రాగానే ఆ నీరంతా ఒక్క ఊపున తొట్టిలోకి వచ్చిపడుతుంది. కరెంటు రెండు మూడు గంటలకు మించి రాదనిపిస్తే ఫిల్టర్ విప్పి, స్పాంజిని, పింగాణీ రింగులను వల సంచిలో కట్టి తొట్టి నీటిలోనే వేలాడదీయండి. ఆలస్యమైపోయి ఉంటే ఫిల్టర్‌లో నిలవున్న నీటిని పారబోసిన తర్వాతే స్విచ్ వేయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారం రోజులు మేత లేకపోయినా ఉండగలవు గనుక, ఆ రోజుల్లో మేత వేయకూడదు. బాటరీతో నడిచే ఎయిర్ పంపు లేకపోతే, గంటకోసారి మగ్గుతో నీటిని ముంచి అడుగు ఎత్తునుంచి ధారగా పోసినా కొంత గాలి కలుస్తుంది.

పీహెచ్ నిలకడగా లేకపోతే

పీహెచ్ వారం వారం పెరుగుతూ పోతే తొట్టిలో ఉన్న రాళ్ళను అనుమానించండి. గోపాలపురం సముద్రతీరంలో ఏరిన గవ్వలు, ఆల్చిప్పలు అందంగా ఉన్నాయని వేసేవారు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు. అవి సున్నం, కొద్దికొద్దిగా కరిగి నీటిని కఠినజలంగా మార్చి, పీహెచ్‌ను పెంచుతాయి. పాలరాతి ముక్కలదీ అదే గుణం. అనుమానం ఉన్న రాయి మీద నిమ్మరసం పిండి చూడండి, బుడగలు వస్తే అది తొట్టికి తగదు.

పీహెచ్ మెల్లగా పడిపోతుంటే అది నెలల తరబడి నీరు మార్చని తొట్టి లక్షణం. అమ్మోనియాను మార్చే బాక్టీరియా, పీహెచ్‌ను నిలకడగా ఉంచే నీటిలోని క్షారత్వాన్ని ఖర్చుచేస్తుంది, అది అడుగంటితే పీహెచ్ ఒక్కసారి జారుతుంది. ఇలాంటి తొట్టిలో అకస్మాత్తుగా సగం నీరు మార్చవద్దు. పుల్లటి నీటిలో హాని చేయకుండా ఉన్న అమ్మోనియా, కొత్త నీటితో పీహెచ్ ఎక్కగానే విషమవుతుంది. రోజుకు పదో వంతు చొప్పున వారం పది రోజులు మార్చాలి. మీ నీటిలోనే క్షారత్వం తక్కువైతే వంటసోడా ఉపయోగపడుతుంది. నూరు లీటర్లకు ఒక చెంచా, అంటే ఆరు గ్రాములు, క్షారత్వాన్ని కేహెచ్ అనే దాని కొలతలో సుమారు రెండు డిగ్రీలు పెంచుతుంది, దాన్ని కూడా రెండు రోజులకు పంచి వేయాలి.

బోరు నీటిని పట్టిన వెంటనే కొలిచిన పీహెచ్‌ను నమ్మకండి. భూమిలోపల కరిగిన బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, పోయేదాకా అది తక్కువగా చూపుతుంది. బకెట్‌లో ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు ఆగి కొలిచినదే అసలు అంకె. ఇనుము ఉన్న బోరు నీరైతే ఆ ఒక్క రోజులోనే ఎర్రటి మడ్డి అడుగున దిగుతుంది, పై నీరు మాత్రమే వాడుకోవచ్చు.

రంగు, వాసన, తెట్టు

నీరు పచ్చబడితే వెలుగు ఎక్కువైందని అర్థం: కిటికీకి తెర వేసి, దీపాన్ని రోజుకు ఆరు గంటలకు తగ్గించండి. టీ రంగుకు తిరిగితే తొట్టిలో పెట్టిన మొద్దు నుంచి దిగిన కషాయం అది, చేపలకు హాని లేదు, చూపుకే ఇబ్బంది. పైన నూనెలాంటి తెట్టు కడితే నీటి పైభాగం కదలడం లేదన్నమాట. వీటికి ఇంతకంటే ఆలోచించనక్కరలేదు.

కుళ్ళిన కోడిగుడ్డు వాసన మాత్రం తేలికగా తీసుకోకూడదు. మూడు నాలుగు అంగుళాల మందాన పోసిన సన్నని ఇసుక అడుగున గాలి ఆడక ఆ వాయువు పుడుతుంది, అద్దం పక్కనుంచి చూస్తే నల్లటి చార కనిపిస్తుంది. ఇసుకను ఒకేసారి కలియబెడితే చేపలన్నీ చావవచ్చు. సైఫన్ గొట్టంతో వారానికో మూల చొప్పున తీసి, మందం అంగుళంన్నరకు దించుకోండి.

కొత్త చేపలు తెచ్చిన రోజే చనిపోతే

బరంపురం నుంచో విశాఖపట్నం నుంచో బస్సులో గంటల తరబడి సంచిలో ఉన్న చేపల నీటిలో అమ్మోనియా నిండుగా ఉంటుంది. కాని వాటి ఊపిరి వల్ల బొగ్గుపులుసు వాయువు పేరుకుని పీహెచ్ తగ్గి ఉంటుంది గనుక అది కాటువేయదు. సంచి విప్పి గంటసేపు తొట్టిలో తేలవేస్తే, ఆ వాయువు ఎగిరి, పీహెచ్ ఎక్కి, చేప తన విషంలోనే ఊపిరాడక పోతుంది. కట్టు విప్పకుండా పావుగంట వేడిమి సమం చేసి, విప్పాక ఆలస్యం చేయకుండా చేపలను చిన్న వలతో పట్టి వదలండి. సంచి నీటిని తొట్టిలో పోయకండి.

ఎంత మార్చినా నైట్రేట్ తగ్గకపోతే

వారానికి పావు వంతు మార్చినా నైట్రేట్ 40 పీపీఎం, అంటే లీటరుకు 40 మిల్లీగ్రాముల, దిగువకు రాకపోతే, తొట్టిని కాక మీరు పోసే నీటినే కొలవండి. పొలాల నడుమ ఉన్న బోర్లలో ఎరువుల నుంచి దిగిన నైట్రేట్ ఉండటం అరుదు కాదు. పోసే నీటిలోనే 30 ఉంటే, ఎన్నిసార్లు మార్చినా తొట్టిలో అంతకంటే తగ్గదు. వాన నీటిని శుభ్రమైన డాబా మీదినుంచి పట్టి సగానికి సగం కలుపుకోవచ్చు, అప్పుడు క్షారత్వం కూడా సగానికి పడిపోతుంది గనుక పైన చెప్పిన సోడా లెక్క మళ్ళీ చూసుకోవాలి. నేను మాత్రం తొట్టి వెనుక అంచున నాలుగు మనీప్లాంట్ కొమ్మలను, వేళ్ళు మాత్రమే నీటిలో మునిగేలా పెట్టాను. రెండు నెలలకు వేళ్ళు గడ్డంలా దిగాయి, అదే నీటితో, అవే చేపలతో అంకె 60 నుంచి 25కి వచ్చింది.