ముత్తాత తండ్రిని వదిలేసి ఆయన చెల్లెల్ని వెతికాను

మా అల్లుడు కెనడా అబ్బాయి. వాళ్ల ముత్తాత తండ్రి స్కాట్లాండ్ నుంచి ఒంటారియో వచ్చాడని తెలుసు, ఏ ఊరో తెలీదు. స్కాట్లాండ్‌లో జనన మరణాల సర్కారీ నమోదు మొదలైందే 1855లో. ఈయన అంతకుముందే పుట్టాడు. చర్చి రిజిస్టర్లలో అదే పేరుతో ఐదుగురు తేలారు. తల పట్టుకున్నాను.

ఇంట్లో ఓ పాత ఉత్తరంలో, స్కాట్లాండ్‌లోనే ఉండిపోయిన ఆయన చెల్లెలి పేరు కనిపించింది. స్కాట్లాండ్ సర్కారీ పాత రికార్డుల వెబ్‌సైట్ స్కాట్లాండ్స్‌పీపుల్‌లో ఆమె మరణ రికార్డు తీశాను. ఇంటిపేరులో 'మెక్' బదులు 'మాక్' అని కొడితేగానీ రాలేదు! తండ్రి పేరు, వృత్తి, తల్లి పుట్టింటి ఇంటిపేరు, అన్నీ ఉన్నాయి. ఆనాటి ఇంగ్లండ్ మరణ రికార్డుల్లో తల్లి పుట్టింటి పేరు ఉండదు. ఆ తల్లిదండ్రులు ఐదుగురిలో ఒక్కరికే సరిపోయారు. అల్లుడికి అర్ధరాత్రే ఫోన్ చేశాను.